తొమ్మిది శాఖల ఎంగిలి

రాయపూర్ స్టేషన్‌లో ముప్పయ్యేళ్లు పార్సిల్ గుమస్తాగా చేసిన అమ్మిరాజుకి దేవుడిచ్చింది ఒక్క ముక్కే గాని, అది నలుగురి పెట్టు. దుర్గ్‌లో ఎవరైనా ఎండుచేపల బుట్ట బండెక్కిస్తే ఇక్కడ ఆయన జేబులోంచి రుమాలు తీసేవాడు. బండి వచ్చి ఆగాక, ఇంకా తలుపు తీయకముందే, "మూడు బుట్టలు. మధ్యది తడిసింది," అనేవాడు. తీసి చూస్తే మూడే ఉండేవి, మధ్యదే తడిసి ఉండేది. హమాలీలు తమలో తగువొస్తే ఆయన ముక్కు మీద ఒట్టేసుకునేవారట.

అలాంటి ముక్కున్నవాడికి లోకం ఎలా కనబడుతుందో వేరే చెప్పాలా? మెట్ల మూలల్లో పాన్ ఉమ్ములు. వోచర్ల మీద సమోసా నూనె. వేలు నాలిక మీద అద్ది కాగితాలు తిప్పే హెడ్ క్లర్కు. గ్లాసుకి పెదవులు ఆనించి గటగటా తాగేసే చుట్టాలు. ఒక్కొక్కటీ ఆయనకి ఒక్కో చావు. ఒకసారి సాలూరులో ఓ పెళ్లిలో వడ్డించేవాడు గరిటె అంచుకంటిన పులుసు నాకాడని, విస్తరి ముందునుంచి లేచి చెయ్యి కడుక్కుని తిన్నగా స్టేషనుకి నడిచిపోయాడు. ఆ పెళ్లి ఆయనదేనని రైల్వే కాలనీలో చెప్పుకునేవారు. ఆయన భార్య ఆండాళమ్మ మాత్రం అది శుద్ధ అబద్ధమనేది.

"లేచారు గాని టేసను దాకా ఎల్లనేదు. మా నాన్న పందిరి గుంజకాడే పట్టీసుకున్నాడు," అని సర్దేది.

ఇలాంటి మనిషికి స్టాంపులు పోగుచేసే పిచ్చి పట్టడమే వింత. స్టాంపంటే ఏమిటి? ముక్కూ మొహం తెలియనివాడెవడో నాలిక బారెడు చాపి నాకి అతికించిన కాగితం ముక్క. ఆ మాట ఆండాళమ్మ మొహం మీదే అడిగేది.

"ఇంటికొచ్చినోళ్ల గలాసు పెరట్లో బోర్లించి మూడు నీళ్లు పొయ్యమంటారు. మరి ఈ జూఠా కాగితాలేటండీ, ఎవరి ఎంగిలో, కళ్లకద్దుకుంటారు?"

"కడిగాకే కదే అద్దుకునేది."

నిజమే, కడిగేవాడు. అందుకు తెల్ల పింగాణీ బేసిన్ ఒకటి వేరే ఉండేది. దాన్ని ఇంట్లో ఇంకెవరూ ముట్టకూడదు. కవరు మీద స్టాంపున్న మూల కత్తిరించడం ఆయనకి నచ్చదు. కవరుకి కవరే నీళ్లలో వేసేవాడు. మొదటి నీళ్లు మురికికి, రెండోవి జిగురుకి, మూడోవి ఎంగిలికి. స్టాంపు దానంతటదే ఊడి పైకి తేలితే చిమటా అనే చిన్న పట్టకారుతో తీసి ఉతికిన మల్లుగుడ్డ మీద ఆరేసేవాడు. మిగిలిన కవరు ఎంగిలి విస్తరితో సమానం. అది పొయ్యిలోకి.

ఆఫీసులో కూడా ఆయన చేతులకి అదే పని. ఒక ఊరినుంచి వచ్చిన మూటని ఇంకో ఊరికి బుక్ చేయాలంటే, ముందు పాత లేబుళ్లన్నీ పీకేయాలి. పీకకపోతే మూట తిరిగి పాత ఊరికే పోతుంది. "పాత చీటీ ఊడదీయని మూట ఏనాటికీ బాగుపడదు," అని కొత్తగా చేరినవాళ్లకి వేదంలా చెప్పేవాడు. రోజంతా పీకి పీకి ఆయన గోళ్లకి అలవాటైపోయింది. అతికించినదేదైనా కనబడితే చాలు, ఊడదీయకపోతే వాటికి దురద.

1962 వేసవిలో, మిషన్ ఆసుపత్రి డాక్టరుగారి భార్య, అమెరికా ఆవిడ, భర్త పోయాక సొంత దేశం వెళ్లిపోతూ నలభై ఒక్క సామాన్లు బొంబాయికి బుక్ చేయడానికి వచ్చింది. ఊళ్లో అందరూ మేమ్‌సాబ్ అనేవారు. ముప్పయ్యేళ్లు ఇక్కడుంది కాబట్టి హిందీ మనకంటే బాగా మాట్లాడేది. కూలివాళ్లతో ఛత్తీస్‌గఢీలో సరసాలాడేది. ఆ నలభై ఒక్క లేబుళ్లూ అమ్మిరాజు తడి స్పాంజితో అద్ది అతికించడం చూసి ఆవిడ ముచ్చటపడింది.

"నీ ముందున్న బాబు అన్నీ నాలికతోనే అతికించేవాడు," అంది హిందీలో.

"వాడు కామెర్లొచ్చి పోయాడు," అన్నాడు అమ్మిరాజు. వాడు పోలేదు, బిలాస్‌పూర్ బదిలీ అయ్యాడు. కాని అమ్మిరాజు లెక్కలో రెండూ ఒకటే.

మాటల్లో ఈయనకి స్టాంపుల పిచ్చి ఉందని తెలిసింది. మర్నాడు ఆవిడ ఓ బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో తొమ్మిది పాత కవర్లు. తొమ్మిదింటి మీదా ఒక్కటే చిరునామా, ఆవిడ తాతగారిది. స్టాంపులు మాత్రం తొమ్మిది రంగులు. ఎనిమిదింటి మీద ఒకే మొహం, వాళ్ల మొదటి అధ్యక్షుడిది. తొమ్మిదో దాని మీద మొహమే లేదు, మూడు అనే అంకె ఒక్కటే.

ఆ కథ మేమ్‌సాబ్ నవ్వుతూ చెప్పింది. వాళ్ల దేశంలో అంతర్యుద్ధం జరిగినప్పుడు సైన్యం వాళ్లు వచ్చి తాతగారి కంచరగాడిదని తోలుకుపోయారు. యుద్ధం అయిపోయింది, గాడిద రాలేదు. తాతగారు మొండివాడు. ఎనిమిదేళ్లు ఆగి, యుద్ధ శాఖకి ఉత్తరం రాశాడు. అది నౌకాశాఖ పనై ఉంటుందని వాళ్లు జవాబిచ్చారు. గాడిదలు ఓడలెక్కవు, ఖజానా వాళ్లనడుగు అన్నారు నౌకా శాఖవాళ్లు. ఖజానా వాళ్లు వ్యవసాయ శాఖకి, వాళ్లు అంతర్గత వ్యవహారాల శాఖకి, వాళ్లు న్యాయ శాఖకి తోశారు. గాడిద గాని సరిహద్దు దాటి ఉంటే విదేశాంగ శాఖనడగమన్నారు వాళ్లు. ఏమో, టపా బండికి కట్టారేమో అని విదేశాంగం వాళ్లు తపాలా శాఖకి పంపారు. చివరికి విసిగిపోయి తాతగారు ఏకంగా అధ్యక్షుడికే రాశాడు. అక్కణ్ణించి ఎర్రటి స్టాంపుతో జవాబొచ్చింది: యుద్ధ శాఖనడుగు.

ఆ రోజుల్లో వాళ్ల సర్కారు ఒక్కో శాఖకి ఒక్కో రంగు స్టాంపు అచ్చేసేదట. పదకొండేళ్లు నడిపి మానేశారు.

మేమ్‌సాబ్ పడీ పడీ నవ్వింది. అమ్మిరాజు నవ్వలేదు. ఆయన పార్సిల్ గుమస్తా. పోయిన సరుకు సంగతి ఆయనకి నవ్వులాట కాదు.

"గాడిదకి రసీదుందా?" అని అడిగాడు.

"లేదు."

"ఐతే రాదు," అని తేల్చేశాడు.

ఉత్తరాలు కొడుకు కోసం పట్టుకెళుతున్నానని, కవర్లు నువ్వుంచుకోమని ఆవిడ డబ్బా ఆయన వైపు జరిపింది. "ఇవి తొంభయ్యేళ్లుగా కలిసి తిరిగాయి. విడదీయకు బేటా," అంది.

అమ్మిరాజు ఆ డబ్బాని రెండు వేళ్లతో పట్టుకుని ఇంటికి తెచ్చాడు. పెరట్లో మూత తీశాడు. తొంభయ్యేళ్ల ముక్క వాసన, బొద్దింక గుడ్లు, ఏ దేశపు ఎలుకో ఏ నాడో చేసిన నిర్వాకం, అన్నీ కలిసి ఒక్కసారి లేచాయి. పక్కింటి సూరమ్మగారి చిలక ఆ దెబ్బకి మూడు రోజులు మాటాడలేదని చెబుతారు. ఒక్కో స్టాంపు వెనకా ఒక్కో దొర నాలిక ఆయన కళ్లకి కట్టింది. పొగాకు నమిలే నాలికలు, తెల్లటి పాచి పేరుకున్న నాలికలు, తొమ్మిది శాఖల నాలికలు.

ఆండాళమ్మ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు గాని, కవర్ల మీద దస్తూరీ చూసి మురిసింది.

"ఏటండీ, ముగ్గేసినట్టు రాసినారు! ఈ కాయితాలు దాచీయండి. అద్దంలో పెట్టి గోడకి తగిలిస్తే బాగుంటాది."

"గోడకా? చచ్చి తొంభయ్యేళ్లయినవాడి ఎంగిలి నా గోడకా?"

"మరా ఎర్రది పెసిడెంటుగారిదన్నారు?"

"ప్రెసిడెంటైతే? ఉమ్మి తియ్యగా ఉంటుందా?"

ఆ రోజు మూడు నీళ్లు చాల్లేదు, ఐదు పోశాడు. స్టాంపులు ఒక్కొక్కటీ ఊడి పైకి తేలాయి. పసుపుపచ్చది వ్యవసాయం. నీలం నౌకలు. ఊదా న్యాయం. అధ్యక్షుడి ఎరుపు. ప్రతిదాని మీదా నల్లటి ముద్ర సగమే వచ్చింది. తక్కిన సగం కవరు మీద ఉండిపోయింది. తడిసి మెత్తబడ్డ కవర్లని చిమటాతో ఎత్తి పెరటి గోడ మీద ఎండేసి, సాయంత్రం రాగి బాయిలర్ కింద పెట్టి, ఆ మంటతో కాగిన నీళ్లతో తలంటు పోసుకున్నాడు. అప్పటికి గాని ఆయనకి ప్రాణం కుదుటపడలేదు.

శంకర్ నగర్‌లో బంగారయ్య అని ఓ అకౌంటెంటు ఉండేవాడు. పాలకొండ వైపువాడు. ఆయన వరండాలో ప్రతి ఆదివారం పొద్దున స్టాంపుల వాళ్లు చేరేవారు. తెలుగువాళ్లు, మరాఠీలు, మార్వాడీలు కలిసి ఓ పాతిక మంది. 1966లో అమ్మిరాజు తన తొమ్మిదింటినీ అక్కడికి పట్టుకెళ్లాడు. బంగారయ్య నోట్లో పాన్ ఒక బుగ్గనుంచి ఇంకో బుగ్గకి మార్చి, వేలు నాలిక మీద అద్ది, ఆల్బం పేజీ తిప్పాడు. అమ్మిరాజు కళ్లు మూసుకున్నాడు.

"ఏటి బావా, తొమ్మిదీ ఒక్కడికే వచ్చాయా?" అన్నాడు బంగారయ్య. చుట్టరికం లేదు, బంగారయ్యకి కనబడ్డవాడల్లా బావే.

"ఔను. గాడిద కోసం."

అమ్మిరాజు కథంతా చెప్పాడు. పాతిక మందీ కడుపు పట్టుకున్నారు.

"అమెరికా పెసిడెంటు, పనీ పాటా లేక, గాడిద గురించి ఉత్తరం రాసినాడు! బావా, బావా, నువ్వు పార్సిలాఫీసులో ఎందుకున్నావు? హరికథలు సెప్పుకో. ఇవి బిల్కుల్ నకిలీ. బొంబాయి ఫుట్‌పాత్ మీద కిలోల్లెక్కన దొరుకుతాయి."

"మేమ్‌సాబ్ తన చేత్తో ఇచ్చింది."

"ఐతే కవర్లేవి?"

ఆ ప్రశ్న ఎందుకడిగాడో అమ్మిరాజుకి అర్థం కాలేదు. జవాబు చెప్పబోతూ, బల్ల మీదున్న అట్ట ఊడిన అమెరికా కేటలాగు తిప్పాడు. ఆ స్టాంపులు అందులో ఉన్నాయి. ఒక్కో స్టాంపుకి ఎదురుగా రెండు వరసలు. మొదటిది విడి స్టాంపు విలువ. రెండోది కవరు మీదే ఉన్న స్టాంపు విలువ. మొదటి వరస చీమైతే రెండోది ఏనుగు. అధ్యక్షుడి ఎరుపు దగ్గరైతే రెండో వరసలో అంకె కూడా లేదు. దొరకడమే అరుదని రాసుంది.

అమ్మిరాజు పుస్తకం మూసేశాడు. మొదటిసారి ఆయనకి ఎవరి వాసనా తగల్లేదు. తన వాసనే తగిలింది. కాలిన కాగితం వాసన.

"కవర్లు... ఆవిడ పట్టుకుపోయింది," అన్నాడు. "స్టాంపులు ఊడదీసి నాకిచ్చి, కవర్లు అమెరికా పట్టుకుపోయింది."

"ఊడదీసి ఇచ్చిందా! స్టాంపు ఒగ్గీసి కవరు పట్టుకుపోయే పిచ్చిది ఎక్కడుంటాది బావా? కాస్త నమ్మేలా సెప్పు."

ఆ ఆదివారంతో అమ్మిరాజు పేరు పోయింది. ఖచ్చర్ బాబు, అంటే కంచరగాడిద గుమస్తా, అన్న పేరు వచ్చింది. వరండాలో పుట్టిన ఆ పేరు వారం తిరక్కుండా స్టేషనుకి నడిచొచ్చింది. హమాలీలు పలకడం మొదలెట్టారు. ఊరి శివార్లలోని టాటీబంధ్ లారీల వాళ్లు సరుకు దింపడానికొచ్చి "ఖచ్చర్ బాబు ఏ కౌంటరు?" అని అడిగేవారు. ఓసారి పైనుంచి తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఆ పేరే ఆయన అసలు పేరనుకుని రిజిస్టరులో రాసుకుపోయాడని చెబుతారు. దాన్ని కొట్టించడానికి ఆరు నెలలు పట్టిందట.

అమ్మిరాజుకి కావలసింది ఒక్కటే. తన తొమ్మిది స్టాంపులు అసలువని, తాను అబద్ధాలకోరు కాడని, బంగారయ్య ముందు ఎవరైనా పెద్దమనిషి చెప్పాలి. ఆ ఒక్క మాట కోసం ఇరవై రెండేళ్లు ప్రతి ఆదివారం ఆ వరండాకి వెళ్లాడు. ఆ తడి వేళ్లు, ఆ పాన్ ఉమ్ములు, ఆ నవ్వులు, అన్నీ ముక్కు బిగబట్టి భరించాడు. అలా వెళ్లివచ్చిన ప్రతిసారీ రోత రెండింతలయ్యేది. సగం వాళ్ల మీద. తక్కిన సగం ఎవరి మీదో ఆండాళమ్మకి కూడా చెప్పేవాడు కాడు.

"అంత అసయ్యవైతే ఎల్లడం ఏలండీ?" అని ఆవిడ అడిగేది.

"వెళ్లకపోతే నాది నకిలీ అని ఒప్పుకున్నట్టు."

1988లో క్లబ్బువాళ్లు ఊరి మధ్యనున్న ఓ పాత హాల్లో మూడు రోజుల ప్రదర్శన పెట్టారు. న్యాయనిర్ణేతగా కలకత్తా నుంచి డెబ్బై దాటిన పెద్దాయన ఒకడు ముందురోజే వచ్చాడు. సన్నటి మనిషి, ఉతికిన పంచె, జేబులో భూతద్దం. అమెరికా స్టాంపుల విషయంలో ఆయన మాటకి దేశంలో తిరుగులేదనేవారు. ఆయన పేజీని అంచు పట్టుకుని, పొడి వేలితో తిప్పాడు. అది చూడగానే అమ్మిరాజుకి కళ్లు చెమర్చాయి.

అమ్మిరాజు చెప్పిన గాడిద కథంతా విని, పెద్దాయన ఆ తొమ్మిది స్టాంపుల ముందు గంటసేపు కూర్చున్నాడు. భూతద్దం పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి వెలుతురులో చూశాడు. క్లబ్బంతా చుట్టూ మూగింది. బంగారయ్య పాన్ నమలడం ఆపేశాడు.

"అసలీ," అన్నాడు పెద్దాయన హిందీలో. "తొమ్మిదికి తొమ్మిదీ అసలీ."

అమ్మిరాజు బంగారయ్య వైపు చూశాడు. ఇరవై రెండేళ్లుగా ఆ క్షణం ఎలా ఉంటుందో రోజూ ఊహించుకున్నాడు. బంగారయ్య మొహం అచ్చం ఆ ఊహలో ఉన్నట్టే వాడిపోయింది కూడా. కాని ఆ సంబరం బీడీ కాలినంతసేపు నిలవలేదు.

"ఒక్కడికే తొమ్మిది శాఖలనుంచీ వచ్చాయన్నావు. ఒక గాడిద కోసం," అన్నాడు పెద్దాయన. "అలాంటిది లోకంలో ఇంకోటి ఉండదు. కవర్లు ఎక్కడున్నాయి?"

"మేమ్‌సాబ్ పట్టుకుపోయింది," అంది అమ్మిరాజు నాలిక, ఇరవై రెండేళ్ల అలవాటుతో.

"స్టాంపులు పీకి?"

"...ఔను."

"ఛీ! ఎంత బుద్ధిలేని ఆడది! ఎంత వెధవ పని! తొంభయ్యేళ్లు బతికిన వస్తువుని చేతులారా..." పెద్దాయన ఊపిరి తీసుకున్నాడు. అంతలో ఆయన మొహం వెలిగింది. "అయినా పరవాలేదు. కవర్లు బతికే ఉన్నాయిగా! ముద్రలు సగం ఇక్కడ, సగం అక్కడ. రెండూ కలిపి చూస్తే చాలు. నాకు అక్కడ స్నేహితులున్నారు. ఆవిడ పేరూ ఊరూ చెప్పు. ఇవాళే రాస్తాను."

పెన్ను తీశాడు. అమ్మిరాజు ముందు తెల్లకాగితం పరుచుకున్నాడు.

అమ్మిరాజు ఆ కాగితం వంక చూశాడు. ఉత్తరం వెళుతుంది. ఆవిడ కొడుకు అటకలన్నీ వెతుకుతాడు, అమ్మ పెట్టెలు తిరగేస్తాడు, కవర్లు దొరకవు. ఆవిడ ఈపాటికి పోయే ఉంటుంది, అమ్మ వాటినేం చేసిందోనని తల పట్టుకుంటాడు. ఇప్పటికే ఆవిడ బుద్ధిలేనిదైంది. "బేటా" అన్న మనిషి.

"ఉత్తరం వద్దండి," అన్నాడు. "ఆవిడ పీకలేదు. కవర్లతోనే ఇచ్చింది. పీకింది నేను."

"కవర్లేం చేశావు?"

"తగలబెట్టాను. స్నానానికి నీళ్లు కాచుకున్నాను."

పెద్దాయన పెన్నుకి మూత పెట్టాడు.

"ఎందుకు?" అన్నాడు పెద్దాయన.

"జూఠా," అన్నాడు అమ్మిరాజు. "ఎవరో నాకినవి."

కలకత్తా పెద్దాయనకి ఇంకేమీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆయన ఇంట్లోనూ అమ్మమ్మలుంటారు, ఎంగిలి కంచాలుంటాయి. ఆయన కోప్పడలేదు. పంచె అంచు కాస్త ఎత్తి పట్టుకుని, కుర్చీని ఒక జానెడు వెనక్కి జరుపుకున్నాడు. పెదవులు ముడుచుకున్నాయి, ముక్కుపుటాలు ఒకసారి అదిరాయి. ఆ చూపు అమ్మిరాజుకి బాగా తెలుసు. యాభయ్యేళ్లుగా పాన్ మరకల వైపు, తడి వేళ్ల వైపు, ఎండుచేపల బుట్టల వైపు తాను చూసిన చూపే. ఎదటివైపునుంచి అది ఎలా తగులుతుందో ఇప్పటిదాకా తెలియదు.

పెద్దాయన అసలువేనని ధ్రువపత్రం రాశాడు. అందులో వస్తువు పూర్వచరిత్ర అని ఓ గడి ఉంది. కాగితాన్ని బల్ల మీద తోశాడు, చేతికివ్వలేదు.

"అది నీ చేత్తో నువ్వే రాయి."

బంగారయ్య ఆయన చెవి దగ్గరికి వంగాడు. "బావా, సెదలు తినీసినాయని రాయి. కాపోతే వరదలో పోయాయను. ఎవడు సూడొచ్చాడు?" ఆ మాటలో వెటకారం లేదు. ఇరవై రెండేళ్లలో బంగారయ్య ఆయన మేలు కోరింది అదొక్కసారే.

అమ్మిరాజు పార్సిల్ రసీదు రాసే గుండ్రటి దస్తూరీతో, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులోనూ హిందీలోనూ రాశాడు: కవర్లు తొమ్మిదీ యజమాని అమ్మిరాజే 1962లో స్నానం నీళ్లు కాచుకోవడానికి కాల్చేశాడు. కింద పూర్తి సంతకం పెట్టాడు. ఆ పత్రాన్ని స్టాంపుల పక్కన, చట్రంలో అందరికీ కనబడేలా పెట్టాడు.

మధ్యాహ్నానికి క్లబ్బులో గొడవ మొదలైంది. నవ్వుతారనుకుంటే ఒక్కడూ నవ్వలేదు. ఆ వాక్యం చదివినవాడల్లా మొహం చిట్లించుకుని అవతలికి పోయాడు. పాతిక మందిలో బేసిన్ లేనివాడెవడు? ఒకడు నాగపూర్ మామయ్య రాసిన యుద్ధకాలం ఉత్తరాలు నానబెట్టాడు. ఇంకొకడు తాతగారి సంస్థానం కవర్లు. బంగారయ్య ఇంట్లోనైతే వాళ్ల నాన్న బర్మానుంచి రాసినవన్నీ స్టాంపులు ఊడి, కాగితాలు ఏ పకోడీల పొట్లాలకో పోయాయి. ఇన్నాళ్లూ ఎవరికీ గుర్తురాలేదు. ఇప్పుడందరికీ గుర్తొచ్చింది, ఆ గుర్తుకి కారణమైన కాగితం మీద అందరికీ కంపరం పుట్టింది.

"బావా, ఆ కాయితం తీసీ. కలెక్టరుగారొస్తన్నారు. మన పరువేటి?" అన్నాడు బంగారయ్య.

"పరువు మీది కాదు, నాది. ఉండనీ."

"తియ్యకపోతే సట్రవే తీసీవలసొస్తాది. మెంబర్లు ఒప్పుకోటం నేదు."

"తీస్తే స్టాంపులు కూడా ఇంటికి పట్టుకుపోతాను. పెద్దాయన అసలీ అన్నవి మీ ప్రదర్శనలో లేవని కలెక్టరుగారికి చెబుతాను."

బంగారయ్య తల గోక్కున్నాడు. ఆయన అకౌంటెంటు, రెండువైపులా సరిపోయే చోటు వెతకడం ఆయన విద్య. సాయంత్రానికి అమ్మిరాజు చట్రాన్ని హాల్లోంచి తీయించి వెనక వరండాలో, మరుగుదొడ్ల గుమ్మానికి ఆనుకుని ఉన్న గోడకి తగిలించారు. ప్రదర్శన నుంచి తీసేయలేదు, ప్రదర్శనలోనూ లేదు.

ఆ మరుగుదొడ్ల గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. ఆ పక్కన పెంచిన గులాబీలు కూడా వాటి వాసనే వేసేవని, తేనెటీగలు హాలు చుట్టూ తిరిగి అవతలివైపునుంచి పోయేవని చెబుతారు. నలుగురి పెట్టు ముక్కున్న అమ్మిరాజు, మూడు రోజులు, పొద్దున పదినుంచి సాయంత్రం ఆరు దాకా ఆ గుమ్మం పక్కన తన చట్రం దగ్గర నించున్నాడు. మొదటి గంటలోనే మొహం ఆకుపచ్చబడింది. మధ్యమధ్య గోడకి చెయ్యి ఆనించుకున్నాడు గాని కదల్లేదు.

బంగారయ్య ఒక్క సంగతి ఆలోచించలేదు. ప్రదర్శనకి వచ్చినవాళ్లు మిగతా చట్రాలు చూసినా చూడకపోయినా, బయట టీ బండి దగ్గర రెండేసి టీలు తాగుతున్నారు. టీ తాగిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు అటు రావలసిందే. వచ్చినవాడు వరసలో నించోవలసిందే. నించున్నవాడికి చదవడానికి ఎదురుగా గోడ మీద అదొక్కటే ఉంది. కలెక్టరుగారు కూడా వచ్చి చదివారు.

"యే క్యా లిఖా హై భాయ్, ఏమిటీ రాత, నీళ్లు కాచుకున్నాడా?" అని, ఒక కాలినుంచి ఇంకో కాలికి బరువు మార్చుకుంటూ ఓ లావుపాటి ఆసామి అడిగాడు.

"ఔను. నేనే." అమ్మిరాజు ఊపిరి సగం పీల్చి జవాబు చెప్పేవాడు. "మీ ఇంట్లో పాత ఉత్తరాలున్నాయా?"

"ఉండొచ్చు. ఎందుకు?"

"స్టాంపు పీకొద్దు. కడగొద్దు. ఉన్నదున్నట్టు దాచండి."

"ముందు నన్ను లోపలికి పోనీ బాబూ!"

మూడో రోజు మధ్యాహ్నానికి కలకత్తా పెద్దాయన అటు నాలుగోసారి వచ్చాడు. ఆ వయసులో రాక తప్పదు. మొదటి మూడుసార్లు ముక్కు మూసుకుని, అమ్మిరాజు వైపు చూడకుండా వెళ్లి, చూడకుండా వచ్చాడు. ఈసారి లోపలికి పోబోతూ గుమ్మంలో ఆగాడు.

"ఆ ఎర్రది," అన్నాడు, మొహం గోడవైపే పెట్టుకుని. "అధ్యక్షుడి ఆఫీసుది. కవరు ఏ రంగు?"

"మీగడ రంగు. కాస్త పసుపు తిరిగింది."

"ముద్ర?"

"సగం స్టాంపు మీద ఉంది, చూశారుగా. తక్కిన సగం ఎడమవైపు, కిందకి వాలి. గుండ్రంగా, మధ్యలో గీతలు. సిరా బాగా పట్టలేదు, ఒక పక్క చెదిరింది."

పెద్దాయన మొహం వికారంతో వంకరపోయింది. "చాలు. ఇంక చెప్పకు. వింటుంటే నాకు వాంతొచ్చేలా ఉంది," అన్నాడు.

లోపల గొలుసు లాగిన చప్పుడైంది. వరసలో ఉన్నవాళ్లు, వెళతారా లేదా అన్నట్టు పెద్దాయన వీపుకేసి చూస్తున్నారు. ఆయన పక్కకి జరిగి, వాళ్లకి దారిచ్చి, గోడకి చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు.

"చిరునామా ఏ సిరాతో రాసుంది?" అని అడిగాడు.